ముందు ఎవరి కథ చదవాలి: డీ షిన్‌దా, ఫూచాయ్‌దా?

ప్రాచీన చైనాలో కూలిపోయిన రాజుల్లో ముందు ఎవరి గురించి చదవమంటారని చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్ల మనసులో మామూలుగా ఉండేది షాంగ్ వంశపు ఆఖరి రాజు డీ షిన్. మద్యం చెరువు, మాంసం అడవి, రాణి దాజీ మీద మోజు, బుద్ధి చెప్పిన బీ గాన్ గుండె కోయించడం, మూయే యుద్ధంలో ఓడి మంటల్లో దూకడం... మసాలాకి లోటు లేదు. కానీ ఇదంతా ఓడించిన జౌ వంశం వాళ్ల వైపు నుంచి వచ్చిన కథ, పైగా శతాబ్దాలు గడిచేకొద్దీ పాపాల చిట్టా పెరుగుతూ పోయింది. మరీ అంత దుర్మార్గుడేం కాడని కన్‌ఫ్యూషియస్ శిష్యుడు జిగోంగే అన్నాడు. 1976లో దొరికిన లీ గుయ్ కంచుపాత్ర మీద ఆ యుద్ధం సంగతి ఉంది, పాపాల ఊసే లేదు.

నా ఓటు వూ రాజ్యపు రాజు ఫూచాయ్‌కి. క్రీ.పూ. 496లో యుయే రాజ్యపు రాజు గోజియన్‌తో యుద్ధంలో గాయపడి తండ్రి పోయాడు. ఫూచాయ్ వాకిట్లో ఒక మనిషిని నిలబెట్టి, తను వస్తూ పోతూ ఉంటే "ఫూచాయ్, నీ తండ్రిని చంపిందెవరో మర్చిపోయావా?" అని అడిగించుకునేవాడట. అంత కసితో 494లో గెలిచాడు. ఐదు వేలమందితో కొండెక్కిన గోజియన్ ఫూచాయ్ చేతికి చిక్కినట్టే, అయినా వదిలేశాడు. శత్రుశేషం ఉంచొద్దని మంత్రి జిషూ మొత్తుకున్నా, లంచం తిన్న ఇంకో మంత్రి బో పీ మాటే నెగ్గింది. పదేళ్లకి జిషూకే కత్తి పంపి చావమన్నాడు.

482లో ఉత్తరాన హువాంగ్చీలో జరిగిన రాజ్యాల సభలో పెద్దరికం కోసం పోటీ పడుతుంటే ఇక్కడ వూ రాజధాని మీద గోజియన్ పడ్డాడు. కబురు పొక్కకూడదని ఫూచాయ్ గుడారంలో ఏడుగురి గొంతులు కోశాడు. రోజూ గుర్తు చేయించుకున్న మనిషే ఇప్పుడు చెప్పే నోళ్లు మూయిస్తున్నాడు, నేనైతే ఈ ఒక్క సీను కోసమే ఈ కథ ముందు చదవమంటాను. 473లో రాజ్యం పోయింది. నూరు ఇళ్ల మీద పెత్తనం ఇస్తాం, బతుకు అంటే ఒప్పుకోక ప్రాణం తీసుకున్నాడు.

రాణి బావో సీ నవ్వు కోసం శత్రువులొచ్చారని ఉత్తుత్తి సంకేతపు మంటలు వెలిగించిన జౌ వంశపు యూ రాజు కథ పిల్లలకి చెప్పడానికి బాగుంటుంది, అంతే. శ్యా వంశపు ఆఖరి రాజు జే? డీ షిన్‌కి జిరాక్స్.

అన్నట్టు, గోజియన్ కత్తి 1965లో, ఫూచాయ్ ఈటె 1983లో హుబే రాష్ట్రంలోనే బయటపడ్డాయి, రెండూ మూడోవాళ్లైన చూ రాజ్యపు సమాధుల్లోనే.