బెన్వెనూతి ఊరు చూడాలంటే రోమ్ కాదు, ఇజోలా వెళ్ళండి

రోమ్‌తో మొదలుపెట్టాను, అక్కడే ఒక రోజు పోయింది. ఇటాలియన్ బాక్సర్ నీనో బెన్వెనూతి 1960 ఒలింపిక్స్‌లో వెల్టర్‌వెయిట్ స్వర్ణం గెలిచింది అక్కడి పాలాజ్జో దెల్లో స్పోర్ట్ అనే ఇండోర్ స్టేడియంలో. ఆ ఒలింపిక్స్‌లో కాషియస్ క్లే (తర్వాతి ముహమ్మద్ అలీ) కూడా స్వర్ణం కొట్టాడు, అయినా మేటి బాక్సర్‌కిచ్చే వాల్ బార్కర్ ట్రోఫీ మాత్రం బెన్వెనూతికే దక్కింది. పదేళ్ళ తర్వాత, 1970 నవంబరులో, కార్లోస్ మోన్సోన్ చేతిలో 12వ రౌండులో ఓడి మిడిల్‌వెయిట్ టైటిల్ పోగొట్టుకున్నదీ అదే కప్పు కింద. ఎంతో ఆశగా మెట్రో బి లైన్‌లో వెళ్తే, ఆ రోజు కార్యక్రమం ఏదీ లేదు, తలుపులన్నీ మూసేసున్నాయి. ఆ గుండ్రటి భవనం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చేశాను.

త్రియెస్తే నయం. వెనిస్ నుంచి రైల్లో రెండు గంటలు. 1961లో ఆయన ప్రొఫెషనల్‌గా మొదటి పోటీ ఆడింది ఈ ఊళ్ళోనే. స్టేషన్ దగ్గర తీసుకున్న రూము శుభ్రంగానే ఉంది కానీ నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు, బుక్ చేసేటప్పుడు ఆ మాట ఎక్కడా చెప్పలేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందే ఫోన్ చేసి అడగండి. కాఫీ మాత్రం అద్భుతం. ఇక్కడ 'కాపో' అంటే చిన్న కప్పులో పాలు కలిపిన ఎస్ప్రెస్సో, రోజుకి మూడు తాగాను.

అసలు చూడాల్సింది ఇజోలా. త్రియెస్తే నుంచి కోపర్ అనే ఊరి దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకొకటి. సరిహద్దులో పోలీసులు బస్సెక్కి చూడొచ్చు, పాస్‌పోర్టు చేతిలో ఉంచుకోండి. 1938లో ఆయన పుట్టినప్పుడు ఇది ఇటలీ, ఇప్పుడు స్లోవేనియా. యుద్ధం తర్వాత యుగోస్లావియా చేతికొచ్చాక ఇటాలియన్ కుటుంబాలు చాలావరకు ఇళ్ళు వదిలి వెళ్ళిపోయాయి, వాళ్ళ కుటుంబం కూడా. ఇప్పటికీ బోర్డులన్నీ రెండు భాషల్లో ఉంటాయి. అవి చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది.

ప్రాక్టీసు కోసం ఆ కుర్రాడు ఇక్కణ్ణుంచి త్రియెస్తేకి సైకిలు తొక్కేవాడు. నేనూ ఒకటి అద్దెకు తీసుకుని కోపర్ వైపు వెళ్ళాను. ఆ సముద్రపు ఒడ్డు రోడ్డు మీద ఇప్పుడు కార్లు రావు. ఎదురుగాలికి ఆరు కిలోమీటర్లకే నా తొడలు పట్టేశాయి. అంత దూరం తొక్కొచ్చి, ఆపైన గ్లవ్స్ కట్టుకుని, మళ్ళీ ఇంటికి తొక్కడమా!

తిరిగొచ్చాక త్రియెస్తే కాఫీ హోటల్లో ఒక పెద్దాయనతో 1967 మాట ఎత్తాను. న్యూయార్క్‌లో బెన్వెనూతి ఎమిల్ గ్రిఫిత్‌ని 15 రౌండ్లలో ఓడించి ప్రపంచ టైటిల్ గెలిచిన రాత్రి, ఇటలీ అంతా మేలుకుని రేడియో విన్నదట. ఆ పెద్దాయన చేతులు రెండూ పైకెత్తి, కూర్చున్నచోటే ఎడమచేత్తో ఒక హుక్ విసిరి చూపించాడు. అదే గ్రిఫిత్ తర్వాత బెన్వెనూతి కొడుక్కి జ్ఞానపిత (గాడ్‌ఫాదర్) అయ్యాడని చెప్తున్నప్పుడు మాత్రం ఆయన చేతులు మెల్లగా బల్ల మీదికి దిగిపోయాయి.