ముందు లెక్కల పేపర్లా, థియరీ పేపర్లా?

ఒడిశా రాయగడలో మిల్లు ఉద్యోగం చేసుకుంటూ ఇగ్నో దూరవిద్యలో ఎంబీఏ కట్టానని తెలిసినప్పటి నుంచి గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్ వైపు తమ్ముళ్లు ఒకటే అడుగుతున్నారు: "అన్నా, మొదటి సెమిస్టర్ ఏడు పేపర్లూ ఒకేసారి రాసేయొచ్చా? కాదంటే ఏవి ముందు?"

ఏడూ ఒకేసారి అన్న మాట ముందు పక్కన పెడదాం. పేపర్‌కి 4 క్రెడిట్లు, క్రెడిట్‌కి 30 గంటల చదువు అని ఇగ్నో లెక్క. ఏడింటికీ కలిపి 840 గంటలు. ఆరు నెలల్లో రోజుకి నాలుగున్నర గంటల పైమాటే. బి షిఫ్ట్ దిగి రాత్రి పదిన్నరకి ఇల్లు చేరేవాడికి అది అయ్యే పని కాదు. రెండేళ్ల కోర్సుకి నాలుగేళ్ల గడువు ఎలాగూ ఉంది.

ఇక అసలు సంగతి. మొదటి సెమిస్టర్‌లో లెక్కలుండేవి రెండే: అకౌంటింగ్, క్వాంటిటేటివ్ అనాలిసిస్. మిగతావి మేనేజ్‌మెంట్ ఫంక్షన్స్, హెచ్ఆర్, మార్కెటింగ్, బిజినెస్ ఎన్విరాన్‌మెంట్, కమ్యూనికేషన్. ఎవరినడిగినా థియరీ ముందు రాసేయమంటారు, చదివితే వచ్చేస్తుందట. నేనూ నమ్మి మొదటి డిసెంబర్ పరీక్షల్లో నాలుగు థియరీ పేపర్లు రాశాను. ఒకటి పోయింది.

తెలియక పోలేదు. వాన పడుతుంటే ఇరవై మంది చేత వెదురు లారీ దింపించినవాడికి మోటివేషన్ అంటే ఏమిటో ఒకరు చెప్పాలా? కానీ నేను చదివింది ఒడియా బడి, ఇంట్లో మాట తెలుగు, పరీక్ష రాసింది ఇంగ్లీషులో. బుర్రలో పాయింటు ఉంటుంది, వాక్యం రాదు. మూడు గంటల్లో సగం మాటలు వెతుక్కోవడానికే పోయాయి. మన సరిహద్దు జిల్లాల వాళ్లలో చాలామందిది ఇదే కథ. నా మటుకు ఏది ముందన్నది తేల్చేది ఈ భాషే. సబ్జెక్టు కష్టమా సులువా అన్నది ఆ తరవాతి మాట.

లెక్కకి ఆ బాధ లేదు. అకౌంటింగ్‌లో బ్రేక్ ఈవెన్ తీసుకోండి, అంటే లాభం నష్టం లేకుండా ఖర్చు తేలే చోటు. టిఫిన్ బండివాడికి నెల అద్దె 6,000. ఇడ్లీ ప్లేటు అమ్మేది 30కి, దాని ఖర్చు 18. ప్లేటుకి మిగిలేది 12. అద్దె రావాలంటే నెలకి 500 ప్లేట్లు అమ్మాలి, లాభం 501వ ప్లేటు నుంచి. ఇందులో ఇంగ్లీషు ఎంత? అంకెలు, రెండు హెడ్డింగులు. పైగా ఈ పేపర్ ఒంటబడితే రెండో సెమిస్టర్‌లో ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ సగం తెలిసినట్టే ఉంటుంది. మేనేజీరియల్ ఎకనామిక్స్‌లో ఖర్చుల చాప్టర్ కూడా కొత్తగా అనిపించదు. హెచ్ఆర్ చదివినందుకు ఇంకో పేపర్ అలా తేలికవడం నేను చూడలేదు.

థియరీ ముందు అనేవాళ్ల మాటలోనూ నిజం లేకపోలేదు. ఇంగ్లీషు మీడియంలో చదివి, పదో తరగతితో లెక్కలకి దండం పెట్టేసినవాళ్లయితే అలాగే చేయండి. మొదటిసారే రెండు పేపర్లు పోతే పుస్తకాలు అటకెక్కేస్తాయి. క్వాంటిటేటివ్ నాకూ గడ్డుగానే గడిచింది. బీఎస్సీ చదువుతున్న మా మేనకోడలి ముందు కూర్చుని ప్రాబబిలిటీ నేర్చుకున్నాను. "మామయ్యా, మళ్లీ తప్పు" అని అది నవ్వుతుంటే ఒళ్లు మండేది, కానీ వచ్చింది. అలా చెప్పేవాళ్లు ఒక్కరైనా లేకపోతే ఆ ఒక్క పేపర్ జూన్ పరీక్షలకి జరపండి. అకౌంటింగ్ మాత్రం జరపొద్దు.

విశాఖ వెళ్లి వారాంతం క్లాసుల్లో చేరితే ఎలా ఉంటుందని ఇద్దరడిగారు. మాస్టారు ఎదురుగా ఉండి చెబితే మంచిదే. కానీ పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా ప్రతి వారం రానూ పోనూ రైలు, ఆపైన ఆదివారం డ్యూటీ పడితే? ఉద్యోగం విశాఖలో ఉన్నవాళ్ల సంగతి అది.

జులైలో చేరేవాళ్లకి నేను చెప్పే వరస: డిసెంబర్‌కి అకౌంటింగ్, క్వాంటిటేటివ్, వాటితో కమ్యూనికేషన్. ఇంగ్లీషులో రాసే చెయ్యి తిరగడానికే ఈ మూడోది. మిగతా థియరీ జూన్ నుంచి, విడతకి రెండు మూడు. ఈలోగా అసైన్‌మెంట్లు కాపీ కొట్టకుండా సొంతంగా రాయండి. 30 శాతం మార్కులు అటునుంచే వస్తాయి, వాక్యం కట్టడమూ అక్కడే అలవాటవుతుంది.

నాకు రెండో సెమిస్టర్‌లో బిజినెస్ లా, అంటే వ్యాపార చట్టాల పేపర్, ఇంకా మిగిలే ఉంది. కాంట్రాక్ట్ యాక్ట్ దగ్గర తెరిచిన పుస్తకం నెల రోజులుగా అదే పేజీలో ఉంది.