మూడు లక్షల కిలోమీటర్లు దాటిన ఇన్నోవాకు కూలింగ్ సర్వీసు: ఆటోనగర్‌లోని ఒక రేడియేటర్ షాపు పనితీరు

విజయవాడ ఆటోనగర్‌లో రేడియేటర్ పని చేసే షాపులకు కొదవ లేదు. లారీ రేడియేటర్లు విప్పి, ఇత్తడి గొట్టాల్లో సన్నని కమ్మీలు దూర్చి ఉప్పు రాల్చే పాత షాపులూ ఉన్నాయి, ప్లాస్టిక్ ట్యాంకులు బిగించిన అల్యూమినియం రేడియేటర్లను మాత్రమే చూసే కొత్త షాపులూ ఉన్నాయి. నేను ఈ సమీక్ష రాస్తున్న షాపు రెండో కోవకు చెందినది. రెండు బండ్లు పట్టే రేకుల షెడ్డు, ఒక పెద్ద మేస్త్రి, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఇద్దరు కుర్రాళ్ళు తప్ప అక్కడ వేరే హంగు లేదు. యజమాని కోరిక మేరకు పేరు రాయడం లేదు. అయినా అక్కడ పని జరిగే పద్ధతిని వివరిస్తే, ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన బండి ఉన్నవాళ్ళు తమ ఊళ్ళోని షాపులో ఏం అడగాలో తెలుసుకోవడానికి అది పనికొస్తుందని నమ్ముతున్నాను.

మా బండి 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఉన్న పాత తరం టొయోటా ఇన్నోవా. 2005లో క్వాలిస్ స్థానంలో వచ్చి, 2016లో క్రిస్టా వచ్చేదాకా కొనసాగిన ఈ తరం బండ్లు ఈనాటికీ ట్రావెల్స్ వాళ్ళ దగ్గర లక్షల కిలోమీటర్లు తిరుగుతూనే ఉన్నాయి. ఇంజిన్ గట్టిదే గానీ, సిలిండర్లుండే దాని బ్లాకు పోత ఇనుముతోనూ, దానిపై మూతలా బిగించే హెడ్ అల్యూమినియంతోనూ తయారయ్యాయి. వేడికి ఈ రెండు లోహాలూ ఒకే మేరకు వ్యాకోచించవు కాబట్టి, హద్దు మీరి వేడెక్కినప్పుడు హెడ్ వంగి, రెంటి మధ్య బిగించే గాస్కెట్ దెబ్బతిని, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంటు సిలిండర్లలోకో ఇంజిన్ ఆయిల్‌లోకో చేరే ప్రమాదం ఉంటుంది. అక్కడిదాకా వస్తే హెడ్ విప్పి మెషిన్ మీద ఫేసింగ్ చేయించాల్సిందే, అంటే దాని ముఖాన్ని మళ్ళీ చదును చేయించాలి. ఆ ఖర్చుతో పోలిస్తే కూలింగ్ పనికి అయ్యేది చాలా తక్కువ.

దోర్నాల వైపు నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నప్పుడు, ఏసీ వేసి ఉండగా టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోవడం, హైవే మీద మాత్రం మామూలుగా ఉండడం మా బండికున్న జబ్బు. ఈ మాట చెప్పగానే చాలా చోట్ల రేడియేటర్ మార్చాలన్నారు. ఈ మేస్త్రి మాత్రం ముందుగా ఏ వేగంలో వేడెక్కుతోంది, ఏసీ ఆపితే దిగుతోందా, ఎన్నాళ్ళకొకసారి నీళ్ళు తగ్గుతున్నాయి అని వరసగా అడిగారు. నెమ్మదిగా పోతున్నప్పుడు మాత్రమే వేడెక్కితే ముందు గాలి సంగతి చూడాలని, వేగంగా పోతున్నప్పుడు వేడెక్కితే రేడియేటర్ లోపలి గొట్టాలు పూడాయేమో చూడాలని ఆయన వివరించారు. వేగంగా పోయే బండికి ఎదురుగాలి తానే ఫ్యాన్ పని చేసిపెడుతుంది, నిదానంగా ఘాట్ ఎక్కే బండికి ఆ సాయం ఉండదు. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తీసుకోకుండానే విడిభాగాలు మార్చే షాపులో డబ్బు వృథా కాకపోవడం అదృష్టమే అవుతుంది.

తర్వాత ఆయన స్కానర్ తగిలించి, కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బందరు రోడ్డు మీద కానూరు దాకా బండి నడిపారు. డాష్‌బోర్డు ముల్లును నమ్మకూడదన్నది ఆయన గట్టి అభిప్రాయం, అది సరైనదే. చాలా కార్లలో కూలెంటు 80 డిగ్రీల దగ్గరున్నా, వంద దగ్గరున్నా ముల్లు మధ్యలోనే నిలబడేలా తయారు చేస్తారు. అది కదిలే సమయానికి ఇంజిన్ అప్పటికే కష్టంలో ఉంటుంది. స్కానర్ మాత్రం కూలెంటు సెన్సరు చెప్పే అంకెను ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ఖాళీ రోడ్డు మీద మా బండి 70 డిగ్రీలకు కూడా చేరలేదు. ట్రాఫిక్‌లో ఏసీతో నిలబెట్టేసరికి వంద దాటిపోయింది. ఒకే బండి అతి చల్లగానూ, అతి వేడిగానూ నడవడం చూసి, మేస్త్రి, వేడిని బట్టి కూలెంటు దారిని తెరిచి మూసే వాల్వ్ అయిన థర్మోస్టాట్ గూడు విప్పించారు. లోపల థర్మోస్టాట్ లేదు.

అంతకుముందు వేరేచోట సర్వీసుకు ఇచ్చినప్పుడు ఒక మెకానిక్ మాకు చెప్పకుండానే దాన్ని తీసేశారు. మన ఎండలకు అది అక్కరలేదన్న మాట మన ప్రాంతంలో ఎంతగా పాతుకుపోయిందో ఇలాంటి బండ్లు చూస్తే అర్థమవుతుంది. ఆ మాట ఎందుకు తప్పో ఈ షాపులో కళ్ళారా చూశాను. కొత్త థర్మోస్టాట్‌ను దారంతో కట్టి, నీళ్ళున్న గిన్నెలో థర్మామీటర్‌తో పాటు వేలాడదీసి స్టవ్ మీద పెట్టారు. సుమారు 82 డిగ్రీల దగ్గర పై వాల్వ్ సన్నగా తెరుచుకోవడం మొదలైంది. వేడి పెరిగేకొద్దీ అది పూర్తిగా తెరుచుకుంటుంటే, దాని అడుగున ఉన్న చిన్న పళ్ళెం కిందికి దిగుతూ వచ్చింది. ఇంజిన్‌లో బిగించినప్పుడు, రేడియేటర్‌కు పోకుండా కూలెంటు తిరిగొచ్చే బైపాస్ దారిని ఆ పళ్ళెమే మూసేస్తుంది. అంటే ఇంజిన్ వేడెక్కాక కూలెంటంతా రేడియేటర్ గుండా వెళ్ళక తప్పదు. థర్మోస్టాట్ తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది కనుక, కొంత కూలెంటు రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్ళీ ఇంజిన్‌లోకి తిరుగుతుంది. చల్లబడుతుందని తీసేసిన భాగం వల్లే ఘాట్ మీద వేడి పెరుగుతుంది. మామూలు రోడ్డు మీదేమో ఇంజిన్ ఉండాల్సిన వేడికి చేరక డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో మడ్డి చేరుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. థర్మోస్టాట్ బిగించేటప్పుడు దాని అంచున ఉన్న చిన్న రంధ్రాన్ని పైవైపు ఉంచారు. లోపల చిక్కుకున్న గాలి పైకి పోవడానికి ఆ దారి కావాలి. ఈ చిన్న సంగతిని కుర్రాడికి రెండుసార్లు చెప్పి మరీ చేయించడం నాకు ఎంతో నచ్చింది.

అసలు రేడియేటర్ మీద చేయి వేయకముందే చేతి పంపుతో ప్రెషర్ పరీక్ష జరిగింది. ఇంజిన్ చల్లగా ఉండగా మూత తీసి, ఆ చోట పంపు బిగించి, మూత మీద అచ్చు వేసి ఉన్న పీడనం దాకా గాలి ఎక్కించి వదిలేశారు. కాసేపటికి ముల్లు కొద్దికొద్దిగా దిగింది. కింది హోసు క్లిప్పు దగ్గర ఒక్క చుక్క మెరిసింది. బండి కింద తడి కనిపించనంత సన్నని లీకు అది, వేడికి ఆవిరైపోతూ వచ్చింది. మూతను కూడా విడిగా పరీక్షించారు, అది పట్టాల్సిన పీడనంలో సగమే పట్టింది. ఇది చిన్న విషయం కాదు. మామూలు గాలి పీడనంలో నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది. మూత సుమారు ఒక బార్ అదనపు పీడనం పట్టి ఉంచితే ఆ మరుగు 120 దాకా జరుగుతుంది. మూతలోని స్ప్రింగు, రబ్బరు అలిసిపోతే ఆ రక్షణ పోయి, కూలెంటు ముందే మరిగి రిజర్వు డబ్బాలోకి పొంగిపోతుంది. మొత్తం వ్యవస్థలో అతి చవకైన భాగమైన మూతను అందరికన్నా చివర గుర్తు చేసుకోవడం మన దగ్గర మామూలైపోయింది.

ఇక నీళ్ళ సంగతి. కృష్ణా డెల్టాలో చాలా గ్రామాల బోరు నీళ్ళు ఉప్పగా, గరుకుగా ఉంటాయి. గిన్నె అడుగున తెల్లగా పేరుకునే సున్నమే రేడియేటర్ గొట్టాల్లోనూ, సిలిండర్ల చుట్టూ ఉన్న సందుల్లోనూ పేరుకుంటుంది, వేడి ఎక్కువైన చోటే ఎక్కువగా పడుతుంది. రాష్ట్ర హైవే పక్కన ఏ కుళాయి కనిపిస్తే అక్కడ పట్టి పోసే డ్రైవర్లు ఈ మాట తప్పక గుర్తు పెట్టుకోవాలి. లీకు ఆగడానికి రేడియేటర్‌లో పసుపు పోసే పాత చిట్కా కూడా అంతే. దారి మధ్యలో చీకటి పడితే ఇల్లు చేరడానికి అది సాయపడవచ్చు గానీ, తర్వాత కడిగించకపోతే ఆ పసుపే సన్నని గొట్టాలను పూడ్చేస్తుంది. మా రేడియేటర్ విప్పి కడిగినప్పుడు తుప్పు రంగు నీళ్ళతో పాటు మెత్తటి మడ్డి కూడా వచ్చింది. ఘాటైన యాసిడ్ వాడకుండా, అల్యూమినియంకు సరిపడే ద్రావణం ఇంజిన్‌లో తిప్పి, నీళ్ళు తేటపడేదాకా వెనుక నుంచి ముందుకు నీటిని తోశారు. రేడియేటర్ కింది మర మాత్రమే విప్పితే పాత కూలెంటు కొంత బ్లాకులోనే ఉండిపోతుంది కాబట్టి బ్లాకు ప్లగ్గు కూడా విప్పించారు. చాలా షాపులు ఈ పని దాటవేస్తాయి.

కొత్తగా పోసింది గులాబీ రంగు ముందే కలిపిన కూలెంటు. రంగు చూసి కూలెంటు కొనకూడదని, ఒకే రంగులో వేర్వేరు కంపెనీలు వేర్వేరు రసాయనాలు అమ్ముతాయని, బండి పుస్తకంలో రాసిన రకమే వాడాలని మేస్త్రి పట్టుబట్టారు. మన ఊళ్ళలో నీళ్ళు గడ్డకట్టవు కదా, కూలెంటు ఎందుకు అనేవాళ్ళకు చెప్పాల్సిన జవాబు ఇది: సగం నీళ్ళు, సగం కూలెంటులోని ముఖ్య ద్రవమైన గ్లైకాల్ ఉన్న మిశ్రమం నీళ్ళకంటే ఎక్కువ వేడికి మరుగుతుంది, పైగా దానిలోని తుప్పు నివారిణులు అల్యూమినియాన్ని, వాటర్ పంపు సీలును కాపాడతాయి. గాఢమైన కూలెంటు కొంటే కలపాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే.

ఘాట్ మీద వేడికి అసలు కారణంలో రెండో సగం ఫ్యాన్ క్లచ్. ఈ ఇంజిన్‌లో వాటర్ పంపు ముందు బిగించిన ఫ్యాన్‌కు మధ్యలో సిలికాన్ ఆయిల్ నిండిన కప్లింగ్ ఉంటుంది. వేడి గాలి తగిలినప్పుడు అది బిగుసుకుని ఫ్యాన్‌ను గట్టిగా తిప్పుతుంది. ఆయిల్ కారిపోయి, కప్లింగ్ ముఖం మీద నల్లటి జిడ్డు దుమ్ము పట్టి ఉండడం చూపించారు. ఇంజిన్ బాగా వేడిగా ఉండగా ఆపి, ఫ్యాన్‌ను చేత్తో తిప్పితే అడ్డులేకుండా గిర్రున తిరిగింది, మంచి క్లచ్ అయితే బరువుగా కదలాలి. ఏసీ కండెన్సరుకు, రేడియేటర్‌కు నడుమ ఉన్న సందులో ఎండుటాకు ముక్కలు, పురుగులు, బురద దట్టంగా పేరుకుని ఉన్నాయి. బయట నుంచి నీళ్ళు కొడితే ఆ చెత్త ఇంకా లోపలికి దిగబడుతుంది కాబట్టి రేడియేటర్ దించి, తక్కువ ధారతో ఇంజిన్ వైపు నుంచి కడిగారు.

హోసులు నొక్కితే మెత్తగా జారుతున్నాయి, అందుకే పైదీ కిందదీ రెండూ మార్చారు. వాటర్ పంపు బేరింగులో ఊగులాట లేదు, సీలు పాడైతే నీళ్ళు కారే అడుగు రంధ్రం పొడిగా ఉంది. మార్చక్కర్లేదని వాళ్ళే చెప్పారు. అమ్ముకునే అవకాశం ఉండి కూడా వద్దన్న షాపు మీద నమ్మకం కుదరకుండా ఎలా ఉంటుంది?

లోపాలూ ఉన్నాయి. పొద్దున ఇస్తే సాయంత్రానికి అయిపోతుందన్నారు గానీ ఫ్యాన్ క్లచ్ దొరకక మర్నాటి మధ్యాహ్నం దాకా బండి అక్కడే ఉంది. కూర్చోవడానికి ఒక బల్ల తప్ప ఏమీ లేదు, వేసవిలో పెద్దవాళ్ళను వెంట తీసుకెళ్ళడం మంచిది కాదు. అడిగేదాకా భాగాల వారీగా బిల్లు రాయలేదు. అడిగాక రాసి, పాత భాగాలన్నీ సంచిలో వేసి ఇచ్చారు గానీ, అది మొదటి నుంచే చేయాల్సిన పని. దించిన పాత కూలెంటును డబ్బాలోకి పట్టడం మాత్రం మెచ్చుకోవాలి. గ్లైకాల్ తియ్యగా ఉండి కుక్కలు, పిల్లులు తాగితే చనిపోతాయి, దాన్ని కాలువలోకి వదిలేసే షాపులే ఎక్కువ. ఖర్చు తక్కువేమీ కాదు, అయితే ఇతర షాపులు మార్చాలన్న రేడియేటర్ మాత్రం మార్చకుండానే పని పూర్తయింది.

నింపిన తర్వాత హీటర్ పూర్తిగా తెరిచి, పై హోసును నొక్కుతూ వదులుతూ గాలి బుడగలు ఆగేదాకా ఇంజిన్ నడిపారు. రోడ్డు మీద స్కానర్ అంకె 84, 90 మధ్య నిలబడింది, ఏసీతో ట్రాఫిక్‌లో 95 దాటలేదు. ఆ తర్వాత శ్రీశైలం ఘాట్‌లో నిండా జనంతో ఎక్కినా బండి వేడెక్కలేదు. వారం రోజులు పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రిజర్వు డబ్బాలో మట్టం చూసుకోమని, తగ్గుతుంటే వెంటనే తీసుకురమ్మని, వేడి ఇంజిన్ మీద మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయవద్దని చెప్పి పంపారు. రిజర్వు డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తున్నా, ఆయిల్ పాలలా మారినా, పొగ తెల్లగా తియ్యటి వాసనతో వస్తున్నా ఈ షాపుకు వెళ్ళవద్దు. అది ఇంజిన్ హెడ్ విప్పే చోట చేయాల్సిన పని. మేస్త్రి కూడా అలాంటి బండ్లను తీసుకోకుండా, ఆటోనగర్‌లోనే ఇంజిన్ పని చేసేవాళ్ళ దగ్గరికి పంపేస్తారు.