తక్‌పట్టీ పీడీఎఫ్‌లకు లాంబ్డా బేస్ ఇమేజ్: అల్పైన్ వద్దు, ఏఎల్2023 పెట్టుకోండి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ అడ్తిదారులకు తెలుగులో తక్‌పట్టీ (సరుకు అమ్మిన రైతుకిచ్చే లెక్క చీటీ) పీడీఎఫ్ తీసిచ్చే ఫంక్షన్ ఇది. పైథాన్, హెచ్‌టీఎంఎల్‌ను పీడీఎఫ్‌గా మార్చే వీజీప్రింట్ లైబ్రరీ, సర్వర్ చూసుకోకుండా కోడ్ నడిపే అమెజాన్ సేవ లాంబ్డాలో కంటైనర్ ఇమేజ్. మిర్చి, పత్తి సీజన్ల రద్దీలో నాలుగు బేస్‌ల (ఇమేజ్‌కు పునాదిగా ఉండే లినక్స్‌లు: అల్పైన్, ఏఎల్2, ఏఎల్2023, డెబియన్ స్లిమ్) మీదా నడిపి చూశాక నా ఓటు ఏఎల్2023కే, అంటే అమెజాన్ లినక్స్ 2023కే.

సైజు చూసి చాలామంది ముందు అల్పైన్ పట్టుకుంటారు. పైథాన్‌కు అది తలనొప్పే. అందులో మామూలు లినక్స్‌ల సీ లైబ్రరీ గ్లిబ్‌సీ బదులు మసల్ అనే మరో సీ లైబ్రరీ ఉంటుంది, గ్లిబ్‌సీ కోసం ముందే కంపైల్ చేసిన పైథాన్ ప్యాకేజీలు (మ్యానీలినక్స్ వీల్స్) ఎక్కవు. మసల్ వీల్ లేని ప్యాకేజీని పిప్ (పైథాన్ ఇన్‌స్టాలర్) సోర్స్ నుంచి కంపైల్ చేయబోయి, జీసీసీ కంపైలర్ లేక ఆగిపోతుంది. అసలు సైజు గురించి అంత ఆరాటం అక్కర్లేదు. లాంబ్డా ఇమేజ్ పరిమితి 10 జీబీ; పైగా లాంబ్డా ఇమేజ్ మొత్తాన్ని ఒకేసారి దించదు, కావలసిన ముక్కలే తెచ్చుకుంటుంది. మా ఫంక్షన్ కోల్డ్ స్టార్ట్‌లో (ఖాళీగా ఉన్న ఫంక్షన్ మొదటిసారి లేచేటప్పుడు) ఎక్కువ సమయం తినేది పైథాన్ ఇంపోర్ట్‌లే. గో భాషలో రాసిన, బయటి లైబ్రరీలు అక్కర్లేని స్టాటిక్ బైనరీ అయితే అల్పైన్ హాయిగా నడుస్తుంది.

పాత అమెజాన్ లినక్స్ ఏఎల్2లో పాంగో (అక్షరాలను పేర్చే లైబ్రరీ, వీజీప్రింట్ దీని మీదే ఆధారపడుతుంది) 1.42. కొత్త వీజీప్రింట్‌కు కనీసం 1.44 కావాలి కాబట్టి ఫలానా సింబల్ లేదంటూ పడిపోతుంది. గ్లిబ్‌సీ కూడా పాతది, 2.26, ఏఎల్2023లో 2.34. ఏఎల్2023లో పాంగోను డీఎన్‌ఎఫ్ అనే ప్యాకేజీ మేనేజర్‌తో వేసుకుంటే చాలు. పాత మేనేజర్ యమ్ ఈ ఇమేజ్‌లో ఉండదు, దాన్ని పిలిచే పాత డాకర్‌ఫైల్ ఆ లైన్ దగ్గరే ఆగుతుంది.

తెలుగు ఫాంట్ మాత్రం ఏ బేస్‌లోనూ రాదు. నోటో సాన్స్ తెలుగు టీటీఎఫ్‌ను సిస్టమ్ ఫాంట్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఫాంట్ క్యాష్ బిల్డ్‌లోనే కట్టేయండి. లేకుంటే రైతు పేరు, ఊరు అన్నీ డబ్బాలే. నడిచేటప్పుడు రాయడానికి వీలున్నది టీఎంపీ ఫోల్డర్ ఒక్కటే, క్యాష్ దారి కూడా అటే తిప్పాలి. ఫాంట్ ఉన్నా షేపింగ్ (ఒత్తులు, గుణింతాలు కలిపి అక్షరం కట్టడం) లేని లైబ్రరీ వాడితే 'పత్తి' కాస్తా 'పత్‌తి' అవుతుంది. ఇక్కడ పాంగో, షేపింగ్ చేసే హార్ఫ్‌బజ్ కలిసి ఒత్తును కిందికి దించుతాయి. రైతు చేతికిచ్చే కాగితం, అక్షరం వంకర పోవద్దు.

డెబియన్ స్లిమ్ కూడా మంచిదే, కానీ లాంబ్డాతో మాట్లాడే రన్‌టైమ్ ఇంటర్‌ఫేస్ క్లయింట్‌ను మనమే వేసి ఎంట్రీపాయింట్ రాయాలి.

ఆర్మ్ చిప్ ఉన్న ఎం-సిరీస్ మ్యాక్‌లో బిల్డ్ చేసేవాళ్లు ప్లాట్‌ఫామ్ ఎక్స్86 అని చెప్పండి, లేదా ఫంక్షన్‌నే ఆర్మ్‌లో పెట్టండి. డాకర్ బిల్డ్‌ఎక్స్‌లో ప్రొవెనెన్స్ (ఇమేజ్ ఎలా తయారైందో చెప్పే అదనపు రికార్డు) ఆపకపోతే మానిఫెస్ట్ రకం చెల్లదని లాంబ్డా తిప్పికొడుతుంది. ఫంక్షన్ హైదరాబాద్ రీజియన్‌లో ఉంటే ఇమేజ్‌లు దాచే అమెజాన్ ఈసీఆర్ రిపోజిటరీ కూడా అక్కడే ఉండాలి.