ఇనోకి దారా, బాబా దారా? జపాన్ కుస్తీ సంస్థల్లో ఏది మేలు

1960 సెప్టెంబర్ 30న టోక్యోలోని తైతో వార్డు వ్యాయామశాలలో ఇద్దరు కుర్రవాళ్ళు ఒకే రోజు తొలిసారి కుస్తీ రింగులోకి దిగారు. ఒకడు యొమియురి జెయింట్స్ బేస్‌బాల్ జట్టులో పిచ్చర్‌గా ఆడి వచ్చిన దాదాపు ఏడడుగుల షోహెయ్ బాబా. రెండోవాడు బ్రెజిల్‌కు వలస వెళ్ళిన కుటుంబం నుంచి గురువు రికిడోజాన్ ఏరి తెచ్చుకున్న పదిహేడేళ్ళ ఇనోకి. ఆ రోజు బాబా గెలిచాడు, ఇనోకి ఓడిపోయాడు. పన్నెండేళ్ళ తరువాత వీరిద్దరూ వేర్వేరుగా పెట్టిన రెండు సంస్థలు, న్యూ జపాన్, ఆల్ జపాన్, ఈనాటికీ నడుస్తున్నాయి. ఒకే గురువు దగ్గర పనిచేసినవారు ఒకే వ్యాపారాన్ని పూర్తిగా భిన్నమైన రెండు పద్ధతుల్లో నడిపినప్పుడు, ఏది మేలన్న ప్రశ్న ఊరికే పోటీకోసం అడిగేది కాదు. అయితే ఆ ప్రశ్నకు 1995లో చెప్పే జవాబు వేరు, 2005లో చెప్పే జవాబు వేరు.

ఇద్దరూ నేర్చుకున్న మొదటి పాఠం టెలివిజన్. కొరియాలో పుట్టి, సుమో వదిలి వచ్చిన రికిడోజాన్ 1953లో జపాన్ ప్రొ రెజ్లింగ్ సంస్థను స్థాపించాడు. 1954 ఫిబ్రవరిలో తెల్లజాతి రెజ్లర్లు షార్ప్ సోదరులతో అతను చేసిన పోటీలను చూడడానికి షింబాషి స్టేషన్ ముందు నిలబెట్టిన వీధి టీవీ చుట్టూ జనం కిక్కిరిసిపోయారు. ఇంట్లో టీవీ కొనే స్తోమతు అప్పటికి చాలామందికి లేదు. యుద్ధంలో ఓడిన దేశంలో తెల్లవాడిని చేతి దెబ్బలతో పడగొట్టే మనిషిని చూపిస్తే టీవీ పెట్టెలు అమ్ముడవుతాయని ప్రసార సంస్థకు అర్థమైంది. ప్రసారం ఉంటే టికెట్లు వాటంతట అవే తెగుతాయని కుస్తీవాళ్ళకు అర్థమైంది. 1963 డిసెంబరులో ఒక నైట్‌క్లబ్‌లో కత్తిపోటుకు గురైన రికిడోజాన్ వారం రోజులకు కన్నుమూశాడు. అప్పటికి అతని వయస్సు 39. యజమానీ ప్రధాన ఆకర్షణా ఒకే మనిషి అయిన సంస్థ అతని తరువాత పదేళ్ళు కూడా నిలవలేదు.

1971 చివర్లో ఆ సంస్థ ఇనోకిని బహిష్కరించింది. 1972 జనవరిలో అతను న్యూ జపాన్ పెట్టాడు. అదే ఏడాది బాబా కూడా బయటికి వచ్చి, నిప్పోన్ టీవీ అండతో అక్టోబరులో ఆల్ జపాన్ మొదలుపెట్టాడు. అసలు సంస్థ 1973 ఏప్రిల్‌లో మూతపడింది. ఇద్దరి బయలుదేరే చోటే వేరని ఇక్కడే తెలుస్తుంది. బాబాకు మొదటి రోజు నుంచే ప్రసారం ఉంది; ఇనోకికి మొదటి ఏడాదంతా ప్రసారమే లేదు.

బాబా అన్నది అతని ఇంటిపేరు. మన పాఠకులు పేరు చూసి కాషాయం కట్టినవాడనుకోకూడదు. అతను పట్టుకుని ఉన్నది పెద్ద చుట్ట. ఆల్ జపాన్ పోటీలకు వెళ్ళిన ప్రేక్షకులకు హాలు వరండాలో టీషర్టులు అమ్మే బల్ల దగ్గర కంపెనీ యజమానే చుట్ట కాలుస్తూ కూర్చుని, కొన్నవారికి సంతకం చేసి ఇవ్వడం మామూలు దృశ్యం. అతని వ్యాపారం కూడా ఆ బల్ల లాంటిదే, డబ్బు ఇచ్చి వస్తువు తీసుకునే నిక్కచ్చి లావాదేవీ. అమెరికాలోని కుస్తీ నిర్వాహకుల కూటమి ఎన్‌డబ్ల్యూఏలో సభ్యత్వం సంపాదించి, పేరున్న విదేశీ రెజ్లర్లను తన గుమ్మంలోకి రప్పించుకున్నాడు. 1974 డిసెంబరులో జాక్ బ్రిస్కోను ఓడించి ఆ కూటమి ప్రపంచ టైటిల్ గెలిచిన తొలి జపానీయుడయ్యాడు. విదేశీ రెజ్లర్లలో అతనికున్న పరపతి బిరుదు వల్ల రాలేదు. నోటి మాట మీద ఒప్పందం చేసుకుని, చెప్పిన రోజుకు చెప్పిన డబ్బు ఇచ్చే మనిషని పేరు రావడం వల్ల వచ్చింది. 1981 డిసెంబరులో న్యూ జపాన్‌లో అగ్రతారగా ఉన్న స్టాన్ హాన్సెన్ ఆల్ జపాన్‌కు మారి, రెండు దశాబ్దాల పాటు, రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయాడంటే ఆ మాట విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

న్యూ జపాన్ తొలి ప్రదర్శన 1972 మార్చి 6న టోక్యో ఓతా వార్డు వ్యాయామశాలలో జరిగింది. పేరున్న విదేశీయులు దొరకలేదు, టీవీ లేదు. ప్రధాన పోటీలో సంస్థ యజమాని ఇనోకి, కార్ల్ గోచ్ చేతిలో ఓడిపోయాడు. కొత్త దుకాణం తెరిచిన రోజునే యజమాని ఓడిపోవడం వ్యాపార లెక్కలో వింతగా కనిపించవచ్చు కాని, ఫలితాలు ముందే అనుకుని చేసే ఈ ప్రదర్శన కుస్తీలో, ఇక్కడ జరిగేది కాస్త నిజమైన కుస్తీ అన్న నమ్మకాన్ని ఆ ఓటమి అమ్మింది. 1973లో రెజ్లర్ సెయ్‌జి సాకాగుచి వచ్చి చేరడంతో ఇప్పుడు టీవీ అసాహీగా పిలుస్తున్న ప్రసార సంస్థ అండ దొరికింది. శుక్రవారం రాత్రి ఎనిమిది గంటల కార్యక్రమం మొదలైంది. విదేశీ తారలు లేని లోటును ఇనోకి తారలను తయారు చేసుకుని పూడ్చుకున్నాడు. పంజాబులో పుట్టి కెనడాలో స్థిరపడిన టైగర్ జీత్ సింగ్ 1973లో టోక్యో షింజుకులోని ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ ముందు, నడివీధిలో ఇనోకి మీద దాడి చేసిన ఘటన పత్రికలకెక్కింది. కోపంతో టికెట్ కొనేవాడు ముచ్చటపడి కొనేవాడికన్నా నమ్మకమైన ఖాతాదారు అని ఇనోకికి తెలుసు.

1976 జూన్ 26న టోక్యోలోని పెద్ద హాలు నిప్పోన్ బుదోకాన్‌లో ముహమ్మద్ అలీతో జరిగిన పోటీని కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఇనోకి పద్ధతిలోని బలమూ జబ్బూ రెండూ అందులోనే ఉన్నాయి. అలీకి 60 లక్షల డాలర్లు ఇస్తామని ఒప్పుకున్నట్లు ఆనాడు ప్రకటించారు. నిబంధనల మీద జరిగిన బేరాల్లో ఇనోకికి పట్టులూ విసురులూ చాలావరకు మూసుకుపోయాయి. ఒక మోకాలు నేల మీద ఉంటే తప్ప కాలితో తన్నకూడదు. దానితో అతను గంట కొట్టగానే వెల్లకిలా పడుకుని, పైన నిలబడి రమ్మని సైగ చేస్తున్న అలీ కాళ్ళను తన్నడం మొదలుపెట్టాడు. పదిహేను రౌండ్లూ అదే. అలీ పట్టుమని పది గుద్దులైనా గుద్దలేదు. పోటీ సమంగా ముగిసింది, జనం చేతికందినవి విసిరారు, అలీ కాలు వాచి తరువాత వైద్యం అవసరమైంది, న్యూ జపాన్‌కు భారీగా అప్పు మిగిలింది. కాని ఇనోకి పేరు ఆ ఒక్క రాత్రితో ప్రపంచమంతా తెలిసింది. అదే ఏడాది డిసెంబరులో కరాచీకి పిలిపించి అక్రమ్ పహిల్వాన్‌తో కుస్తీ పెట్టించింది కూడా ఆ పేరే. లెక్కల పుస్తకంలో నష్టంగా రాసుకున్న రాత్రే చాలాకాలం పాటు సంస్థకు మూలధనమైంది. బాబా అయితే ఇలాంటి ఒప్పందం మీద సంతకమే చేసేవాడు కాడు, అందువల్ల అతనికి ఆ అప్పూ లేదు, ఆ పేరూ లేదు.

జబ్బు ముదిరింది 1980ల మొదట్లో. 1981 ఏప్రిల్‌లో సతోరు సయామా టైగర్ మాస్క్ అనే ముసుగు పాత్రలో దిగిన తరువాత న్యూ జపాన్ హాళ్ళు నిండిపోతున్నాయి. అయినా డబ్బు నిలవడం లేదు. బ్రెజిల్‌లో చెరకు పిప్పిని పశువుల మేతగా మార్చాలని ఇనోకి పెట్టిన సొంత వ్యాపారంలోకి అది పోతోందని లోపలివారు తిరగబడ్డారు. 1983 ఆగస్టులో సయామా వెళ్ళిపోయాడు, ఇనోకి కొద్ది నెలలు అధ్యక్ష పదవి పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది ఒక గుంపు యూడబ్ల్యూఎఫ్ అనే కొత్త సంస్థ పెట్టుకుంది, రెజ్లర్ రికి చోషు వెంట మరో గుంపు బాబా రింగుకు నడిచింది. ఆ రోజున ఏది మేలని అడిగితే సందేహించాల్సిన పని లేదు. రెజ్లర్లు కాళ్ళతోనే ఓటు వేశారు.

బాబా సంస్థకూ దెబ్బ తగిలింది, కాని బయటినుంచి. 1990లో కళ్ళద్దాల దుకాణాల గొలుసు ఒకటి డబ్బు సంచులతో కొత్త సంస్థ పెట్టి ఆల్ జపాన్ తార టెన్‌ర్యూను, మరికొందరిని తీసుకుపోయింది. అప్పుడు బాబా చేసిన పని అతని పద్ధతికి అత్యుత్తమ ఉదాహరణ. మే 14న ఒక జోడీ పోటీ మధ్యలో, అప్పటిదాకా రెండో టైగర్ మాస్క్‌గా కుస్తీ పడుతున్న మిత్సుహారు మిసావా వెనక్కి తిరిగి, తన ముసుగు తాళ్ళు విప్పమని భాగస్వామి తొషియాకి కవాడాకు చెప్పాడు. ముసుగు తీసి జనంలోకి విసిరాడు. జూన్ 8న బుదోకాన్‌లో పెద్ద తార జంబో సురుటాను ఓడించాడు. అక్కడి నుంచి మిసావా, కవాడా, కొబాషి, తావుఎ అనే నలుగురి చుట్టూ, దొంగ ముగింపులు లేకుండా ప్రతి పోటీనీ గెలుపో ఓటమో తేల్చే పద్ధతిని బాబా నిలబెట్టాడు. బుదోకాన్ టికెట్లు వరసగా అమ్ముడయ్యాయి. దీన్నే అక్కడివారు ఓదో, అంటే రాచబాట, అన్నారు. ఇనోకి పద్ధతికి స్ట్రాంగ్ స్టైల్ అని పేరు. రింగులోని కుస్తీ మాత్రమే కొలతగా పెట్టుకుంటే 1990లలో రాచబాటదే పైచేయి అని నా అభిప్రాయం. దాని మూల్యం ఆ నలుగురి మెడలూ మోకాళ్ళూ చెల్లించాయన్నది కూడా అంతే నిజం.

అదే దశాబ్దంలో న్యూ జపాన్ అమ్మింది వేరే సరుకు. 1989లో ఇనోకి ఎగువ సభకు ఎన్నికై రాజకీయాల్లోకి వెళ్ళగా, సాకాగుచి అధ్యక్షుడై ఖాతాలు చక్కదిద్దాడు. 1988 నాటికే రెండు సంస్థలూ రాత్రి ప్రధాన సమయపు ప్రసారం కోల్పోయాయి కనుక హాలు ఆదాయమే దిక్కు. ఊళ్ళలో ప్రదర్శనను స్థానిక నిర్వాహకుడికి ఏకమొత్తానికి అమ్మేయడం లేదా సొంతంగా నడిపి లాభనష్టాలు భరించడం, ఈ రెండే మార్గాలు. మన దగ్గర సినిమా హక్కులను జిల్లాలవారీగా కొనే పంపిణీదారుల పద్ధతి తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. బాబా ఆ చిన్న ఊళ్ళ యాత్రలనూ బుదోకాన్‌నూ నమ్ముకున్నాడు. న్యూ జపాన్ 1989 ఏప్రిల్‌లో టోక్యో డోమ్ అనే బేస్‌బాల్ స్టేడియం ఎక్కింది, 1992 నుంచి జనవరి 4ను ఆనవాయితీగా మార్చింది, 1995 అక్టోబర్ 9న యూడబ్ల్యూఎఫ్‌కు కొడుకు లాంటి పోటీ సంస్థ యూడబ్ల్యూఎఫ్ఐతో ముఖాముఖి పెట్టి 67,000 మంది వచ్చారని ప్రకటించింది. ఆల్ జపాన్ డోమ్‌లో తొలి సొంత ప్రదర్శన పెట్టింది 1998 మే 1న. అప్పటికి బాబాకు ఇక తొమ్మిది నెలల ఆయుష్షే మిగిలి ఉంది.

1999 జనవరి 31న బాబా మరణించాడు. మిసావా అధ్యక్షుడయ్యాడు కాని యాజమాన్యం బాబా భార్య మొతోకో చేతిలో ఉంది. ఏడాది తిరిగేసరికి ఇద్దరికీ పొసగలేదు. 2000 జూన్‌లో మిసావా బయటికి నడిస్తే, అతని వెంట ఇద్దరు తప్ప దాదాపు జపాన్ రెజ్లర్లందరూ నడిచారు. మిగిలిన ఇద్దరిలో ఒకడు ఫుచి, మరొకడు పదేళ్ళ క్రితం మిసావా ముసుగు తాళ్ళు విప్పిన కవాడా. ఇరవై ఎనిమిదేళ్ళ అనుబంధం ఉన్న నిప్పోన్ టీవీ కూడా వెళ్ళినవారి వెంటే వెళ్ళింది. రెజ్లర్లూ ప్రసార సంస్థా నమ్మింది కంపెనీని కాదు, బాబా మాటను. ఆ మాట ఎక్కడా కాగితం మీద లేదు కనుక వారసులకు సంక్రమించలేదు. పద్ధతిలోని సుగుణమే దాని లోపమైంది.

న్యూ జపాన్‌కు పట్టిన ఆపద దీనికి తలకిందులు. అక్కడ యజమాని బతికే ఉన్నాడు, అదే సమస్య. అప్పటికి జనాదరణ పొందుతున్న నిజమైన దెబ్బలాటల పోటీల్లోకి ఇనోకి తన కుస్తీ తారలను పంపాడు. 2001 డిసెంబర్ 31న యుజి నగాతా, కిక్‌బాక్సర్ మిర్కో క్రో కాప్ ముందు 21 సెకన్లలో పడిపోయాడు. మరుసటి నెలలోనే న్యూ జపాన్ తారలు ముతో, కొజిమా ఆల్ జపాన్‌కు వెళ్ళిపోయారు. (మన పాఠకులకు తరువాత గ్రేట్ ఖలీగా పరిచయమైన దలీప్ సింగ్ ఈ రోజుల్లోనే జెయింట్ సింగ్ పేరుతో న్యూ జపాన్ రింగులో ఉన్నాడు.) 2005 నవంబరులో ఇనోకి తన 51.5 శాతం వాటాను వీడియో గేముల సంస్థ యూక్స్‌కు అమ్మేశాడు. స్థాపకుడే అమ్మి పోవడం ఒక సంస్థకు జరిగిన మేలుగా చెప్పుకోవడం అరుదు కాని, ఇక్కడ అదే జరిగింది. కార్డు ఆటల సంస్థ బుషిరోడ్ 2012 జనవరిలో 50 కోట్ల యెన్లకు దాన్ని కొని, రైళ్ళ మీదా స్టేషన్లలోనూ ప్రకటనలు గుప్పించి, అప్పటికే రెజ్లర్ హిరోషి తనహాషి ఊరూరా తిరిగి కూడగట్టిన ప్రేక్షకులకు కొత్త తార కజుచికా ఒకాదాను జోడించింది. 2014 డిసెంబరులో నెలకు 999 యెన్లతో సొంత ప్రసార వేదిక తెరిచింది. టీవీ సమయం కోసం ఎదురుచూసే అవసరం అప్పుడు తగ్గింది.

కాబట్టి నా జవాబు ప్రశ్న అడిగేవాడిని బట్టి మారుతుంది. 1985లో నేను కుస్తీవాడినైతే కళ్ళు మూసుకుని బాబా దగ్గర చేరేవాడిని. 2000లో వాటా కొనేవాడినైతే, అప్పులూ తిరుగుబాట్లూ ఫిరాయింపులూ ఎన్ని ఉన్నా న్యూ జపాన్‌నే చూసేవాడిని. పదేపదే మనుషులు వదిలిపోయిన ఆ ఇంటికి, తారలు పోతే కొత్త తారలను పెంచే శిక్షణశాల అనే అలవాటు అబ్బింది. మనుషులు పెద్దగా వదిలిపోని ఇంటికి ఆ అలవాటు అంత అవసరం రాలేదు.

మూడో దారి మిసావాది. నోవహు ఓడ పేరు మీద నోవా అని పెట్టుకున్న అతని సంస్థ 2004, 2005ల్లో డోమ్‌కు కూడా వెళ్ళింది. కాని యజమానీ ప్రధాన రెజ్లరూ మళ్ళీ ఒకే మనిషి. 2009 మార్చిలో నిప్పోన్ టీవీ ప్రసారం ఆపేసింది. జూన్ 13న హిరోషిమాలో వెనుక నుంచి ఎత్తి పడేసే బ్యాక్ సుప్లెక్స్ పట్టు తరువాత మిసావా రింగులోనే కుప్పకూలి ఆ రాత్రి మరణించాడు. కష్టాల్లో చేతులు మారిన నోవాను 2020లో ఇంటర్నెట్ సంస్థ సైబర్‌ఏజెంట్ తీసుకుంది. ఆల్ జపాన్‌లో అధ్యక్షుడిగా పనిచేసిన ముతో కూడా 2013లో కొందరిని వెంటబెట్టుకుని వేరుపడ్డాడు.

న్యూ జపాన్‌కూ ఆ తరువాత ముప్పు లేకపోలేదు. 2024 మొదట్లో ఒకాదా అమెరికాలోని కుస్తీ సంస్థ ఏఈడబ్ల్యూకు వెళ్ళిపోయాడు. అంతకు కాస్త ముందు, 2023 డిసెంబరులో, తనహాషి సంస్థ అధ్యక్షుడయ్యాడు. అప్పటికి ఇంకా రింగులో ఉన్న రెజ్లరే మళ్ళీ ఆ కుర్చీలో కూర్చున్నాడు, రికిడోజాన్, ఇనోకి, బాబా, మిసావాల మాదిరిగానే. తేడా అల్లా, ఈసారి ఎక్కువ వాటాలు బుషిరోడ్ పేరు మీద ఉన్నాయి.