పిట్‌బుల్‌కి వైరు బుట్ట మజిల్: సామాను గట్టిది, సైజు చార్టు దండగ

5కి 4 స్టార్లు. పిట్‌బుల్‌ని ఇంట్లో పెట్టుకున్నవాళ్లూ, పెట్టుకోవాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లూ ఇది చదవండి. ఈ మజిల్ (కరవకుండా కుక్క మూతికి తొడిగే బుట్ట) కొని, కుక్కకి నెమ్మదిగా అలవాటు చేసి, బయటికి తీసుకెళ్లిన ప్రతిసారీ తొడిగే ఓపిక లేదనుకుంటే ఆ కుక్క కూడా మీకొద్దు. "మావాడు బంగారం, వాడికి ఇవన్నీ ఎందుకండీ" అనేవాళ్ల ఇంటికి నేనైతే పాపని తీసుకెళ్లను.

నేను దర్జీని. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు కుట్టు చూస్తాను, తర్వాత కొలత చూస్తాను. అందుకే ఈ రివ్యూలో కొలతల గోల కాస్త ఎక్కువే ఉంటుంది, భరించండి.

మావాడి పేరు గుండు. తల చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టామో మీకే అర్థమవుతుంది. మగకుక్క, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, 28 కిలోలు. షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. మనుషులంటే ప్రాణం. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ల పాదాల మీద తల పెట్టుకుని పడుకుంటాడు. వాణ్ణి పక్కకి జరిపితే తప్ప నాకు టేపు పట్టే చోటుండదు. అలాంటివాడి మూతికి బుట్టేమిటని అందరూ అడుగుతారు. మా అత్తయ్యయితే "ఎద్దుకి చిక్కం కట్టినట్టు కట్టావేమిటే, పాపం నోరులేని జీవి" అని నాతో సరిగ్గా మాట్లాడటమే మానేసింది. ఆ నోరు ఉండబట్టే కదా అత్తయ్యా, కట్టింది!

గుండు మనుషుల దగ్గర ఒకలా ఉంటాడు, కుక్కల దగ్గర ఇంకోలా. తెలియని కుక్క ఎదురైతే మొరగడు. నాకు భయం అక్కడే. ఒళ్లంతా బిగబడుతుంది, తోక ఆగిపోతుంది, అప్పటిదాకా ఒగరుస్తున్న నోరు టక్కున మూసుకుంటుంది, కళ్ల పక్కన తెల్లగుడ్డు కనబడుతుంది. దారి మార్చుకోవడానికి నాకుండే వ్యవధి అంతే. ఇది మావాడి ఒక్కడి గుణమే అనుకోనక్కర్లేదు. యజమానుల చేత ప్రశ్నావళి నింపించి చేసిన అధ్యయనం ఒకటి 2008లో అచ్చయింది. మనుషుల మీదికి ఎగబడటంలో అందులో ముందున్నవి డాక్స్‌హుండ్, చివావా లాంటి బుడత కుక్కలు. తెలియని కుక్కల మీద తీవ్రంగా విరుచుకుపడటంలో మాత్రం అకీటా, జాక్ రసెల్ టెరియర్లతో పాటు పిట్‌బుల్స్ ఉన్నాయి. ఈ మూడింటిలోనూ 20 శాతానికి పైగా అలా చేస్తాయని యజమానులే ఒప్పుకున్నారు. చివావా కరిస్తే పట్టీ వేసుకుని వంట చేసుకోవచ్చు. గుండు లాంటివాడు కరిస్తే కుట్లు పడతాయి, అవి నా మిషన్ మీద పడేవి కావు.

దీని వెనక చరిత్ర ఉంది. బుల్‌డాగ్‌నీ టెరియర్‌నీ కలిపి పుట్టించిన కుక్కలివి. ఎద్దుల మీదికి కుక్కల్ని ఉసిగొల్పే ఆటని ఇంగ్లండులో 1835లో నిషేధించాక, కుక్క మీదికి కుక్కని వదిలే పందేలు చాటుమాటుగా పెరిగాయి. దెబ్బ తిన్నా వెనక్కి తగ్గని కుక్కల్నే ఏరి ఏరి పిల్లలు పెట్టించారు. ఇవాళ పుట్టిన కుక్కపిల్లకి ఆ పందెం సంగతి ఏం తెలుసు? అయినా, మొదలుపెట్టింది ఆపకపోవడం అనే గుణం కొన్నిట్లో మిగిలింది. కొన్నిట్లో బొత్తిగా లేదు. ఉన్నవాటిలో కూడా చాలాసార్లు ఏడాది, రెండేళ్లు నిండాకే బయటపడుతుంది. పిల్లగా ఉన్నప్పుడు పార్కులో అన్నిటితో ఆడింది కదా అని పెద్దయ్యాక చేతి పట్టీ (లీష్) విప్పేసేవాళ్లు తెల్లబోయేది ఇందుకే.

ఇక సైజు చార్టు. ఒక స్టారు కోసింది దీనికే. ప్యాకెట్ మీద కుక్క జాతి పేరు, దాని పక్కన సైజు వేశారు. పిట్‌బుల్‌కి మీడియం అట. ఏ పిట్‌బుల్‌కి బాబూ? అమెరికన్ పిట్‌బుల్ టెరియర్‌ని, అమెరికాలో కుక్క జాతుల్ని నమోదు చేసే యునైటెడ్ కెనెల్ క్లబ్ 1898 నుంచి నమోదు చేస్తోంది. దాని దాయాదిని అమెరికన్ కెనెల్ క్లబ్ 1936లో స్టాఫర్డ్‌షైర్ టెరియర్ అని చేర్చుకుని, 1972లో ముందు 'అమెరికన్' తగిలించింది. ఇంగ్లండు వాళ్ల స్టాఫర్డ్‌షైర్ బుల్ టెరియర్ పొట్టిది, అది వేరే. ఈ మధ్య వచ్చిన అమెరికన్ బుల్లీ తలకాయ ఇంకో రకం. జనం వీటన్నిటినీ పిట్‌బుల్ అనే అంటారు. ఇవేవీ కాని కుక్కల్ని కూడా అంటారు. ఫ్లోరిడాలో 4 షెల్టర్లలో 120 కుక్కల్ని చూసి సిబ్బంది 62 కుక్కలు పిట్‌బుల్ రకమని రాశారు. డీఎన్‌ఏ పరీక్ష చేస్తే 25 తేలాయి. గుండు కాగితం మీద కూడా "పిట్‌బుల్ మిక్స్" అనే ఉంది. నిజం వాళ్లమ్మకే తెలియాలి. జాతి పేరు చూసి కుక్క గుణం చెప్పడం ఎంత కష్టమో, సైజు చెప్పడం కూడా అంతే కష్టం.

అందుకని చార్టు పక్కన పడేసి టేపు తీయండి. కళ్లకి కాస్త కింద మూతి చుట్టూ ఒక కొలత. ముక్కు కొస నుంచి కళ్ల మధ్యదాకా పొడవు. చెవుల వెనక మెడ చుట్టూ ఒకటి. అన్నిటికంటే ముఖ్యమైనది, కుక్క పరుగెత్తి వచ్చి నాలుక వేలాడేసి ఒగరుస్తున్నప్పుడు నోరు ఎంత ఎత్తు తెరుచుకుందో ఆ కొలత. ఇది చాలామంది తీసుకోరు. మూసిన నోటికి కొలత తీసుకుంటే బుట్ట బిగుతుగా, చూడ్డానికి ముచ్చటగా కూర్చుంటుంది, కుక్క మాత్రం ఒగర్చలేదు. కుక్క ఒళ్లు చల్లబరుచుకునేది ప్రధానంగా ఒగర్చే. ఎండలో నోరు తెరవనివ్వకపోతే ప్రాణం మీదికి వస్తుంది. నోటికి గొట్టంలా తొడిగే గుడ్డ మజిల్స్ ఉంటాయే, అవి డాక్టరు దగ్గర సూది వేయించేంతసేపటికే. అవి వేసి నడకకి తీసుకెళ్లేవాళ్లని చూస్తే నాకు ఊపిరాడదు.

గుండు మూతి వెడల్పు, పొట్టి. బుగ్గలు పట్టే సైజులో పొడవు ఎక్కువై బుట్ట ముందుకి వేలాడింది. పొడవు సరిపోయిన సైజులో బుగ్గలు పట్టలేదు. నా కొలతలు రాసి పంపితే అమ్మినవాళ్లు మారుమాట లేకుండా పొట్టి మూతికి చేసే మోడల్ పంపారు, ఆ మర్యాదకి మెచ్చుకోవాలి. అది సరిగ్గా కూర్చుంది. ముక్కు ముందు వేలెడు ఖాళీ, కళ్లకి తగలదు, పట్టీ కింద నా వేలు దూరుతుంది. వైరు మీద రబ్బరు పూత నున్నగా ఉంది. అతుకుల దగ్గర వేలితో రుద్ది చూశాను, ఎక్కడా గరుకు తగల్లేదు. వైర్ల సందులోంచి నీళ్లు తాగుతాడు, చికెన్ ముక్క అందించినా తీసుకుంటాడు.

కొన్న రోజే తొడిగేయకండి. బుట్ట అడుగున చీజ్ రాసి, పట్టీలు అసలు ముట్టుకోకుండా, నేల మీద కూర్చుని రెండు చేతులతో గిన్నెలా పట్టుకున్నాను. గుండు వచ్చి వాసన చూసి, వెనక్కి తగ్గి, నా మొహం చూశాడు. నేను కదల్లేదు. మళ్లీ వచ్చి నాలుక ఒక్కటే లోపలికి పెట్టాడు, ముక్కు బయటే. ఆ పూటకి అంతే చాలు. కొన్నాళ్లకి ముక్కు, తర్వాత బుగ్గల దాకా, తర్వాత బకిల్ పెట్టి వెంటనే తీసేయడం. ఇప్పుడు బకిల్ చప్పుడు వినబడితే తనే వచ్చి మూతి దూరుస్తాడు, నడకకి వెళ్తున్నామని వాడికి తెలుసు. తొందరపడి బిగిస్తే రెండు కాళ్లతో మొహం గీక్కుంటూ నేల మీద దొర్లుతుంది, ఆ తర్వాత బుట్ట చూస్తేనే మంచం కింద దూరుతుంది.

అసలు పరీక్ష సందు మలుపులో జరిగింది. ఒక తెల్ల బొచ్చుకుక్క లీష్ లేకుండా వచ్చి గుండు మీద పడింది. దాని యజమాని దూరం నుంచి "ఏమీ చేయదండీ, ఆడుకోవడానికే" అంటున్నాడు. గుండు నోరు మూసుకుంది. నేను లీష్ కురచ చేసేలోపు వాడు తల ఒక్క విసురు విసిరాడు. బుట్ట దాని పక్కటెముకలకి తగిలి, అది కుయ్యోమంటూ పరుగెత్తింది. వెతికి చూస్తే దాని ఒంటి మీద ఒక్క పంటి గాటు లేదు. ఆ విసురులో వైరు అంచు తగిలి నా మోకాలి కింద నల్లగా కమిలింది. వైరు మజిల్‌కి ఉన్న దోషమిది, మెత్తని రబ్బరు రకంలో ఇంత దెబ్బ ఉండదు. ఆ యజమాని మాత్రం "అంత ప్రమాదకరమైన కుక్కని బయటికెందుకు తెస్తారు" అని నన్నే అడిగాడు.

మరి పిట్‌బుల్‌ని నమ్మొచ్చా? నేను గుండుని మనుషుల దగ్గర నమ్ముతాను, నేను చూస్తుండగా. ఇంతకంటే పెద్ద మాట ఇవ్వలేను. ఈ విషయం మీద కొట్టుకునేవాళ్లు ఒకే కాగితం చింపుకుని తలో ముక్కా పట్టుకుంటారు. అమెరికాలో 1979 నుంచి 1998 దాకా కుక్కల వల్ల పోయినవాళ్ల లెక్క తీశారు. జాతి తెలిసిన 238 మరణాల్లో సగానికి పైగా పిట్‌బుల్ రకాలు, రాట్‌వైలర్లు ఉన్నాయి. వ్యతిరేకించేవాళ్లు ఇక్కడ ఆపుతారు. అదే పత్రంలో కనీసం 25 జాతుల పేర్లున్నాయి. జాతిని బట్టి చట్టాలు చేయడానికి ఈ లెక్క సరిపోదని కూడా రాశారు. సమర్థించేవాళ్లు ఇది చదివి మొదటి సగం మింగేస్తారు. 2013లో వచ్చిన ఇంకో పత్రం నాకు ఎక్కువ పనికొచ్చింది. 2000 నుంచి 2009 దాకా 256 మరణాల్ని ఒక్కొక్కటిగా తవ్వారు. 87 శాతం సందర్భాల్లో అడ్డుపడగల మనిషి దగ్గర్లో లేడు. 84 శాతంలో కుక్కకి ఆపరేషన్ కాలేదు. 76 శాతంలో ఆ కుక్క ఇంట్లో మనిషిలా కాక, విడిగా కట్టేసో దూరంగా పెట్టో పెంచినది. జాతి ఏదో గట్టిగా చెప్పగలిగింది 18 శాతం లోపే. మొదటి మూడూ మనుషుల చేతిలో ఉన్న పనులు. "అంతా పెంపకంలోనే ఉంది" అనే మాట మాత్రం నేను మింగలేను. పెంపకం ఎంత మంచిదైనా ఆ దవడ, ఆ బరువు, ఆ పట్టుదల ఎక్కడికీ పోవు. తప్పు జరిగే అవకాశం మిగతా కుక్కలంతే ఉండొచ్చు, జరిగితే మూల్యం మాత్రం అంతే ఉండదు.

అన్నట్టు, దవడకి తాళం పడుతుందనేది కట్టుకథ, అలాంటి ఏర్పాటేదీ దాని ఎముకల్లో లేదు. పూర్వం పిల్లల్ని కాసే ఆయాలుగా వీటిని పెంచేవారన్నదానికి కూడా ఆధారం లేదు, అది మరీ ప్రమాదకరమైన కథ. పిల్లల్ని కరిచేవి ఎక్కువగా తెలిసిన కుక్కలే. మా ఇంట్లో పాపకీ గుండుకీ మధ్య నేనుంటాను, నేను లేకపోతే గేటు ఉంటుంది. మజిల్ వేశాం కదా అని ఇద్దర్నీ గదిలో వదిలి వెళ్లకండి. 28 కిలోలు మీద పడితే పళ్లు అక్కర్లేదు, పైగా కాపలా లేకుండా వదిలేసిన మజిల్ ఎక్కడైనా తగులుకుంటే కుక్కకే ముప్పు. ఇంకోటి, కుక్క గుర్రుమంటే తిట్టకండి. తిట్టి ఆ గుర్రు మాన్పించారంటే, చెప్పకుండా కరిచే కుక్కని తయారు చేసుకున్నట్టే.

కొన్నిచోట్ల ఇది ఇష్టాయిష్టాల విషయం కూడా కాదు. బ్రిటన్‌లో పిట్‌బుల్ టెరియర్ మీద 1991 నుంచే నిషేధం ఉంది. ఇంగ్లండు, వేల్స్‌లో 2024 ఫిబ్రవరి 1 నుంచి ఎక్స్ఎల్ బుల్లీ (అమెరికన్ బుల్లీలో పెద్ద రకం) ఉంచుకోవాలన్నా మినహాయింపు పత్రం కావాలి, బయటికొస్తే మజిల్, లీష్ తప్పనిసరి. మీ దగ్గర రూలేమిటో కుక్కని తెచ్చుకోకముందే కనుక్కోండి.

మిగతా లోపాలు చిన్నవే. ముక్కు మీద ఆనే ఫెల్ట్ ముక్కని జిగురుతో అంటించారు, తడిస్తే ఊడింది. నేను తీసేసి మెత్తటి తోలు ముక్క కత్తిరించి చేత్తో కుట్టుకున్నాను. మీకు కుట్టు రాకపోతే ఏ చెప్పులు కుట్టేవాళ్లకిచ్చినా నిమిషాల పని. పూత లేచిన చోట తుప్పు పడుతుంది, తడి తుడిచి ఆరబెట్టండి. నుదుటి మీదుగా వెళ్లే పట్టీని విడిగా అమ్ముతున్నారు, ఇది మాత్రం అన్యాయం. అది లేకుండా గుండు ముందుకాలి గోరు బుట్ట అంచుకి తగిలించి ఒక్క లాగులో ఊడదీశాడు. ఆర్డర్ పెట్టేటప్పుడే ఆ పట్టీ కూడా కలిపి పెట్టండి.