బీజీ-2 పత్తి ప్యాకెట్: దుకాణంలో చెప్పేదొకటి, లోపల ఉన్నదొకటి

నల్లగొండ, దేవరకొండ, చండూరు దుకాణాల్లో ఏ కంపెనీ ప్యాకెట్ కొన్నా లోపలి బీటీ (కాయ తొలిచే పురుగును చంపేలా పత్తిలో పెట్టిన జన్యువు) దాదాపు ఒక్కటే: 2006లో అనుమతి వచ్చిన బీజీ-2, అంటే క్రై1ఏసీ, క్రై2ఏబీ జన్యువులు. హైబ్రిడ్ మారితే కాయ సైజు, పంటకాలం మారతాయి గానీ బీటీ కొత్తదైపోదు. 'దీనికి పురుగే రాదు' అని ఎక్కువ అడిగితే ఇవ్వకండి. 475 గ్రాముల ప్యాకెట్‌కు 2025-26లో కేంద్రం పెట్టిన గరిష్ఠ ధర 901 రూపాయలు.

శనగపచ్చ పురుగు, మచ్చల పురుగు విషయంలో ఇది ఇప్పటికీ నమ్మదగిన విత్తనమే. రసం పీల్చే పచ్చదోమ, తామర పురుగుల మీద బీటీ పనిచేయదు. వాటి నుంచి మొదట్లో కాపాడేది విత్తనానికి పట్టించిన మందు. గులాబీ రంగు పురుగు మాత్రం దీన్ని తట్టుకోవడం నేర్చేసింది. అందుకే ఈ విత్తనానికి నేనిచ్చే మార్కులు ఐదుకు మూడే.

గులాబీ రంగు పురుగును కనిపెట్టడానికి, విత్తిన 45వ రోజుకల్లా ఎకరానికి 4 లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టేవి) పెట్టాలి. వరుసగా మూడు రోజులు బుట్టకు 8 చొప్పున రెక్కల పురుగులు పడ్డా, 100 పూలలో 10 గుడ్డి పూలు కనిపించినా మందు కొట్టాల్సిందే. గుడ్డి పువ్వు రేకులు విచ్చుకోవు, గులాబీ మొగ్గలా ముడుచుకునే ఉంటాయి. విప్పితే లోపల పురుగు. కాయలోకి దూరాక ఏ మందూ అందదు.

ఎక్కువ గొడవ వచ్చేది ఇంకోచోట. ఒకప్పుడు 450 గ్రాముల బీటీతో పాటు 120 గ్రాముల నాన్‌బీటీ విడిగా ఇచ్చేవారు. చాలామంది దాన్ని గట్టు మీదే పారేసేవారు. ఇప్పుడు 5 నుంచి 10 శాతం నాన్‌బీటీ అదే ప్యాకెట్లో కలిపే వస్తుంది. పురుగు త్వరగా తట్టుకోకుండా ఉండాలనే ఆ ఏర్పాటు. కాబట్టి చేలో అక్కడక్కడా చెట్లకు శనగపచ్చ పురుగు పడితే 'నకిలీ' అనుకోవద్దు. చెట్టులో బీటీ ఉందో లేదో చూడటానికి ఆకు నలిపి చేసే స్ట్రిప్ పరీక్ష కూడా ఒక్క చెట్టుతో తేలదు, పది ఇరవై చెట్లు చూడాలి.

గడ్డిమందు కొట్టినా చావదంటూ చాటుగా అమ్మే లూజు విత్తనానికి అనుమతే లేదు. బిల్లుండదు, లాట్ నంబరుండదు. మొలవకపోతే అడిగే దిక్కూ ఉండదు. జన్యుమార్పిడి మీద ఊళ్లలో నమ్మకం పోవడానికి సగం కారణం ఈ సరుకే.

విత్తే ముందు 100 గింజలు తడి గోనెసంచిలో చుట్టి వారం ఉంచండి. 75 మొలవాలి. తగ్గితే బిల్లు, ఖాళీ ప్యాకెట్, మిగిలిన గింజలు పట్టుకుని వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్లండి.